అలంకరణ వస్తువును కాటా మీద పెట్టి తేల్చకండి

ప్రపంచ కస్టమ్స్ సంస్థలోని హార్మొనైజ్డ్ సిస్టమ్ కమిటీ సభ్యులకు, ఆ కమిటీకి ప్రతినిధులను పంపే దేశాల కస్టమ్స్ అధికారులకు,

నమస్కారం. దిగుమతిదారుల తరఫున హెచ్‌ఎస్ కోడ్‌లు, అంటే ఏ సరుకు ఏ కోవలోకి వస్తుందో, దాని మీద ఎంత డ్యూటీయో తేల్చడానికి వాడే హార్మొనైజ్డ్ సిస్టమ్ అంకెలు చూసి, కస్టమ్స్ డిక్లరేషన్లు నింపడం నా పని. నా దగ్గరికి వచ్చే సరుకులో ఎక్కువ భాగం అలంకరణ వస్తువులే. షెల్ఫులో పెట్టుకునే బొమ్మలు, గోడకు తగిలించేవి, ఫొటో ఫ్రేములు, కృత్రిమ పూలు, అలాంటివి. ఒకే పదార్థంతో చేసిన వస్తువైతే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చెక్క బొమ్మ 4420, పింగాణీ బొమ్మ 6913, ఇత్తడి బొమ్మ 8306, ప్లాస్టిక్ బొమ్మ 3926. కానీ ఇప్పుడు ఒకే పదార్థంతో ఎవరు చేస్తున్నారండీ? చెక్క మీద రేకు, రేకు పక్కన గాజు, గాజు లోపల గుడ్డ పువ్వు, పువ్వు చుట్టూ లైట్ల తీగ. టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఒక వస్తువు గురించి చెప్తాను. గుండ్రటి చెక్క పీఠం, దాని మధ్యలో గుడ్డతో చేసిన ఒక గులాబీ, కాడ చుట్టూ సన్నటి రాగి తీగకు గుచ్చినట్టు చిన్న చిన్న ఎల్‌ఈడీ బల్బులు, మొత్తం మీద బోర్లించిన గాజు బుడ్డి. పీఠం అడుగున బ్యాటరీలు పెట్టే అర, దాని మీద పలచని ఫెల్ట్ గుడ్డ. బహుమతిగా ఇచ్చుకునే వస్తువు. డబ్బా మీద కూడా పువ్వు బొమ్మే ఉంటుంది, పేరు కూడా పువ్వు పేరే. నేను దాన్ని 6702 కింద, అంటే కృత్రిమ పూల హెడింగ్ (నాలుగంకెల కోడ్) కింద చూపించాను.

కన్‌సైన్‌మెంట్ ఆపేశారు. నన్ను పిలిచారు. వెళ్లేసరికి టేబుల్ మీద ఎలక్ట్రానిక్ కాటా, పక్కన బ్లేడు. గాజు బుడ్డి తేలిగ్గానే ఊడి వచ్చింది, పువ్వు మాత్రం జిగురుతో అంటించి ఉంది కాబట్టి కాడ దగ్గర కోశారు. ఫెల్ట్ గుడ్డ లాగితే కింద ఒక ఇనుప బిళ్ల బయటపడింది, పీఠం ఒరిగిపోకుండా తయారీదారు పెట్టిన బరువు అది. ఒక్కో ముక్కనూ తూచి కాగితం మీద రాశారు. చెక్క 410 గ్రాములు, గాజు 380, ఇనుము 120, లైట్ల తీగ 30, పువ్వు 25. కాగితం చూసి, చెక్కే ఎక్కువ కాబట్టి 4420 అన్నారు. పక్కన ఉన్న పై అధికారి ఒప్పుకోలేదు, గాజు బుడ్డి మొత్తాన్ని కప్పుతోంది, ఖరీదు కూడా గాజుదే ఎక్కువ, ఇది ఇంటి లోపలి అలంకరణకు వాడే గాజు వస్తువు, 7013 అన్నారు. కొన్ని నెలల తర్వాత అలాంటి వస్తువే ఇంకొక క్లయింట్ తెప్పించుకుంటే, వేరే చోట వేరే అధికారి స్విచ్ వేసి చూసి, వెలుగుతోంది కదా, 9405 కింద దీపం అని రాశారు. ఆ గులాబీని పువ్వుగా చూసింది నేనొక్కణ్ణే.

ఆ అధికారుల మీద ఫిర్యాదుగా ఇది రాయడం లేదు. ముగ్గురూ తమ పని తాము శ్రద్ధగా చేశారు, ముగ్గురికీ మీ పుస్తకంలో ఆధారం దొరికింది. నా బాధల్లా ముగ్గురికీ ఆధారం దొరకడమే.

మీకు తెలిసిన రూలే, కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం ఒకసారి చెప్పాలి. వేర్వేరు పదార్థాలు కలిసిన వస్తువు రెండు మూడు హెడింగ్‌ల కిందికి వచ్చేలా కనిపిస్తే, కోడ్ ఎలా ఎంచుకోవాలో చెప్పే జనరల్ రూల్స్‌లో మూడోది చూడాలి. 3(ఎ) ప్రకారం వస్తువును ఎక్కువ నిర్దిష్టంగా వర్ణించే హెడింగ్ తీసుకోవాలి, కానీ ఒక్కో హెడింగ్ వస్తువులోని ఒక్కో పదార్థం గురించే చెప్తుంటే అన్నీ సమానమే అని ఆ రూలే అంటుంది. కాబట్టి మనం 3(బి)కి వస్తాం. వస్తువుకు అసలు గుణాన్ని ఇచ్చే పదార్థం లేదా భాగం ఏదో చూసి, వస్తువంతా దానితోనే చేసినట్టు లెక్కేసి కోడ్ ఇవ్వాలి. అదీ తేలకపోతే 3(సి), పోటీలో ఉన్న హెడింగ్‌లలో అంకెల వరసలో చివరిది. మరి అసలు గుణం అంటే ఏమిటి? ఆ రూల్స్‌కు వివరణగా మీరు ఇచ్చే ఎక్స్‌ప్లనేటరీ నోట్స్ ఏమంటాయంటే, అది వస్తువును బట్టి మారుతుంది, పదార్థం స్వభావం కావచ్చు, పరిమాణం కావచ్చు, సంఖ్య కావచ్చు, బరువు కావచ్చు, విలువ కావచ్చు, వస్తువు వాడకంలో ఆ భాగం పోషించే పాత్ర కావచ్చు. ఇన్ని "కావచ్చు"లలో ఏది ముందు, ఏది వెనక అన్నది ఎక్కడా లేదు. నా గులాబీ విషయంలో ఒకరు బరువు పట్టుకున్నారు, ఒకరు పరిమాణం, విలువ పట్టుకున్నారు, ఒకరు స్విచ్ పట్టుకున్నారు.

పని చేసే వస్తువుకు ఇంత ఇబ్బంది ఉండదు. గోడ గడియారం చుట్టూ ఎన్ని పదార్థాలతో ఎంత అలంకారం చేసినా అది గడియారమే. గాజు అద్దానికి ఫ్రేము ఉన్నా లేకపోయినా 7009 అని హెడింగ్‌లోనే రాసి ఉంది. వస్తువు చేసే పని ఒకటి కనిపిస్తుంది, పాత్ర అనే మాటకు అక్కడ అర్థం ఉంటుంది. అలంకరణ వస్తువుకు కనబడటం తప్ప వేరే పని లేదు. అప్పుడు అధికారి చేతికి అందేది కాటా. బరువు అంకె కాబట్టి ఫైల్‌లో రాయడానికి బాగుంటుంది, పైవాళ్లు అడిగితే చూపించడానికి ఉంటుంది. నాకూ అర్థమవుతుంది ఆ భయం. కానీ అలంకరణ వస్తువులో బరువంతా సాధారణంగా కనబడని చోటే ఉంటుంది. పీఠం, లోపలి చట్రం, పడిపోకుండా పెట్టిన ఇసుక, సిమెంటు, ఇనుప బిళ్ల. కనబడటమే పనిగా ఉన్న వస్తువును, కనబడకుండా దాచిన భాగాన్ని బట్టి నిర్ణయిస్తున్నాం. తయారీదారు రేపు చెక్క పీఠం తీసి తేలికైన ప్లాస్టిక్ పీఠం పెడితే, కొనేవాళ్లకు తేడా కూడా తెలియదు, కానీ మన కాగితాల్లో చెక్క అలంకరణ వస్తువు కాస్తా గాజు అలంకరణ వస్తువు అయిపోతుంది.

ఇంకా బాధ కలిగించే విషయం, మీ సిస్టమ్‌కు రూలు స్పష్టంగా రాయడం రాక కాదు. బట్టల దగ్గర రాశారు, పదకొండో సెక్షన్ రెండో నోట్ ప్రకారం కలిసిన నూలుల్లో ఏది ఎక్కువ బరువుంటే అదే. లోహాల దగ్గర రాశారు, పదిహేనో సెక్షన్ ఏడో నోట్ ప్రకారం రెండు మూడు సాధారణ లోహాలతో చేసిన వస్తువు, బరువులో మిగతా ఒక్కోదాన్ని మించిన లోహానిదే. కాబట్టి ఇత్తడి, ఇనుము కలిసిన బొమ్మ దగ్గర ఎవరికీ గొడవ ఉండదు. చెప్పుల దగ్గర ఇంకా బాగా రాశారు, అదే నేను మళ్లీ మళ్లీ చదివేది. 64వ చాప్టర్ (కోడ్‌లో మొదటి రెండంకెలే చాప్టర్) నాలుగో నోట్. బూటు పై భాగం ఏ పదార్థంతో చేసినట్టు అంటే, బయటికి ఎక్కువ వైశాల్యం కనబడే పదార్థంతో. అంచు పట్టీలు, బకిల్స్, కన్నాల దగ్గర బలానికి వేసిన ముక్కలు, ఇలాంటివి లెక్కలోకి తీసుకోకూడదు. అడుగు భాగానికైతే నేలకు ఎక్కువగా తగిలే పదార్థం. ఎంత చక్కటి ఆలోచన అది! తూకం అవసరం లేదు, ఊడదీయక్కర్లేదు, కొలవడానికి ఒక టేపు చాలు, ప్రతి చోటా ఒకే జవాబు వస్తుంది. బూటు విషయంలో బయటికి కనబడే పదార్థమే ముఖ్యం అని ఒప్పుకున్నప్పుడు, కనబడటం కోసమే పుట్టిన వస్తువు విషయంలో ఎందుకు ఒప్పుకోలేదు?

ఫొటో ఫ్రేము తీసుకోండి. లోపల చెక్క పొడితో చేసిన బోర్డు, పైన నాలుగు వైపులా పలచటి అల్యూమినియం రేకు చుట్టి మడిచారు. వెనక తిప్పి చూస్తే తప్ప చెక్క కనబడదు. తూస్తే చెక్కే చాలా ఎక్కువ, కాబట్టి 4414 చెక్క ఫ్రేము. చూస్తే లోహం, కాబట్టి 8306 లోహపు ఫ్రేము. నేను రెండు రకాల ఆర్డర్లూ చూశాను, రెండు కోడ్‌లూ పడ్డాయి. కొన్నవాళ్లు మాత్రం అందరూ దాన్ని మెటల్ ఫ్రేమ్ అనే కొన్నారు.

ఇక పాలీరెసిన్ బొమ్మల సంగతి. ఈ మధ్య రాతి బొమ్మల్లా కనిపించేవి చాలావరకు ఇవే, రాతి పొడిని ప్లాస్టిక్ రెసిన్‌లో కలిపి అచ్చులో పోసి, గట్టిపడ్డాక రంగు వేస్తారు. రెసిన్ వస్తువు అంటే 3926, రాతి పొడిని బైండర్‌తో కలిపిన కృత్రిమ రాయి అంటే 6810. శాంపిల్ ల్యాబ్‌కు వెళ్తుంది. అక్కడ ముక్కను కాల్చి, మిగిలింది తూచి, ఇంత శాతం ఖనిజం అని రాస్తారు. నాకు ఒకసారి వచ్చిన రిపోర్టులో శాతం ఉంది కానీ ఎంత వేడి దగ్గర కాల్చారో లేదు. ఆ బొమ్మలో కలిపింది సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బనేట్. దాన్ని ఒక హద్దు దాటి కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది, బరువులో 44 శాతం అలా గాలిలో కలిసిపోతుంది. తక్కువ వేడిలో కాలిస్తే రెసిన్ మాత్రమే పోతుంది, రాయి ఉన్నంతా ఉంటుంది. అంటే ఫర్నేస్ మీద ఏ అంకె పెట్టారన్నదాన్ని బట్టి ఒకే బొమ్మ ప్లాస్టిక్కూ కావచ్చు, రాయీ కావచ్చు. నేను ఈ విషయం రాసి మళ్లీ పరీక్ష అడిగాను, చేశారు, అంకె మారింది. కానీ అప్పటికి కంటెయినర్ మీద డెమరేజ్, అంటే ఆలస్యానికి కట్టే రుసుము ఎక్కింది, ఆ చిన్న ఇంపోర్టర్‌కు ఆ సరుకు మీద మిగిలేది అందులోనే పోయింది. ఇలాంటి రెసిన్ బొమ్మలకు ఖనిజం ఏ శాతం దాటితే ఏ చాప్టర్, ఎంత వేడి దగ్గర కాల్చి చూడాలి అన్నది మీరు ఒక్క పేరాలో రాస్తే ఎన్ని గొడవలు ఆగిపోతాయో.

కృత్రిమ పూల విషయంలో 67వ చాప్టర్ మూడో నోట్ ఉంది. గాజు పూలు 6702 కిందికి రావు, లోహం, చెక్క, పింగాణీ వంటివాటిని ఒకే ముక్కగా అచ్చుపోసి, చెక్కి చేసిన పూలూ రావు, ముక్కలను కట్టి, అంటించి, ఒకదానిలో ఒకటి దూర్చి చేసినవే వస్తాయి. పువ్వు ఎలా తయారైందో చూడమంటోంది ఆ నోట్, మంచి నోట్ అది, వాదనకు ఆస్కారం తక్కువ. నా గులాబీ రేకులు ఒక్కొక్కటీ అంటించినవే. కానీ పువ్వు పక్కన గాజు, చెక్క, లైట్లు చేరేసరికి ఆ నోట్ ఇచ్చిన స్పష్టతంతా నీళ్లపాలైంది.

3(సి) గురించి కూడా నా మాట చెప్పాలి. చాలామంది దాన్ని గుడ్డి రూల్ అంటారు, లోహం 83వ చాప్టర్‌లో ఉంది కాబట్టి 39లో ఉన్న ప్లాస్టిక్, 44లో ఉన్న చెక్క, 69లో ఉన్న పింగాణీ, 70లో ఉన్న గాజు దానితో పోటీ పడితే ప్రతిసారీ లోహమే గెలుస్తుంది కదా అని. నిజమే. అయినా నాకు అది ఇష్టం, ఎందుకంటే ముందే తెలుస్తుంది. సరుకు ఓడ ఎక్కకముందే క్లయింట్‌కు చెప్పగలను. కానీ 3(సి) దాకా రావడానికి ఎవరూ సాహసించరు, అసలు గుణం తేల్చలేకపోయాను అని ఫైల్‌లో రాయడానికి ఏ అధికారికీ మనసొప్పదు, కాబట్టి ఏదో ఒక కారణం వెతికి 3(బి) దగ్గరే ఆపుతారు.

పండుగ వస్తువుల చరిత్ర మీకు నాకంటే బాగా తెలుసు. వాటి హెడింగ్ 9505లో ఏవి వస్తాయన్నది పెద్ద గొడవై, వాడకానికి పనికొచ్చే వస్తువైనా పండుగ వస్తువు కావచ్చని అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 1997లో మిడ్‌వెస్ట్ ఆఫ్ క్యానన్ ఫాల్స్ కేసులో తేల్చింది. ఆ తర్వాత 95వ చాప్టర్ నోట్‌లోనే గిన్నెలు, టేబుల్ గుడ్డలు, బట్టలు లాంటి వాడుక వస్తువులు ఇందులోకి రావు, వాటిని పదార్థాన్ని బట్టి చూడాలి అని స్పష్టంగా చేరింది. ఆ నోట్‌తో అందరూ ఏకీభవించకపోవచ్చు, కానీ ఒక వాదన ముగిసింది. నేను అడిగేది ఆ పాటి స్పష్టతే.

వస్తువును ముక్కలుగా విడగొట్టి చూస్తే ఏమవుతుందో చూపించే పాత ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఫ్లోరోసెంట్ ట్యూబులతో చేసిన అమెరికన్ కళాకారుడు డాన్ ఫ్లావిన్ కళాకృతి విషయంలో బ్రిటన్‌లో ట్రిబ్యునల్ 2008లో అది కళాఖండమే అంది, 2010లో యూరోపియన్ కమిషన్ రెగ్యులేషన్ తెచ్చి అలాంటి వస్తువును గోడకు బిగించే లైటు ఫిట్టింగ్ కింద పెట్టింది. మ్యూజియంలకు వెళ్లే వస్తువుల గతే అదైతే, నా క్లయింట్ తెప్పించే గాజు గులాబీ కోసం ఎవరు వాదిస్తారు?

నేను అడిగేది చెప్తాను. లీగల్ నోట్, అంటే సిస్టమ్‌లోనే భాగమైన నోట్ మార్చమంటే చాలా ఏళ్లు పడుతుందని తెలుసు, సిస్టమ్ ఐదారేళ్లకోసారి మారుతుంది, తర్వాతిది 2028 జనవరి 1న అమల్లోకి వస్తుంది, దాని పాఠం ఖాయమైపోయింది. కానీ ఎక్స్‌ప్లనేటరీ నోట్స్ మార్చడానికి అంత కాలం అక్కర్లేదు. 3(బి) కింద ఒక పేరా చేర్చండి. అలంకరణ తప్ప వేరే వాడకం లేని వస్తువు అయితే, ముందు నిలబెట్టే, కప్పే, బరువు కోసం పెట్టిన, వెలుగు కోసం పెట్టిన భాగాలను పక్కన పెట్టమని చెప్పండి, బూటు నోట్‌లో బకిల్స్‌ను పక్కన పెట్టమన్నట్టే. మిగిలినవాటిలో బయటికి ఎక్కువ వైశాల్యం కనబడే పదార్థాన్ని తీసుకోమనండి. అప్పటికీ తేలకపోతే సంకోచం లేకుండా 3(సి)కి వెళ్లమనండి. బరువు, ధర చివరికి కూడా వద్దు. ఈ లెక్కన నా గులాబీ పువ్వుగానే మిగులుతుంది, రేకు చుట్టిన ఫ్రేము లోహపు ఫ్రేము అవుతుంది. అన్నిసార్లూ నా క్లయింట్లకు లాభం ఉంటుందని కాదు, ఆ ఫ్రేము విషయంలో కొన్ని చోట్ల డ్యూటీ పెరుగుతుంది కూడా. పెరిగినా కట్టడానికి వాళ్లు సిద్ధమే, ముందు తెలిస్తే ధరలో వేసుకుంటారు.

దీనివల్ల మోసాలు పెరుగుతాయని, పైన పలచటి పూత వేసి తక్కువ డ్యూటీ హెడింగ్‌లోకి జారుకుంటారని మీలో కొందరు అనొచ్చు. న్యాయమైన భయమే. పూతను, రంగును పదార్థంగా లెక్కపెట్టొద్దని అదే పేరాలో రాయండి. ఇప్పుడు కూడా మోసం చేసేవాళ్లు ఊరుకోవడం లేదు, పీఠంలో ఇంకో ఇనుప బిళ్ల పెడితే సరిపోతుంది వాళ్లకు.

రెండో సంగతి, మీ క్లాసిఫికేషన్ ఒపీనియన్లు, అంటే ఫలానా వస్తువు ఏ కోడ్ కిందికి వస్తుందో మీ కమిటీ చెప్పే నిర్ణయాలు. వస్తువు వర్ణన బాగానే ఉంటుంది, చివర్లో మాత్రం 1, 3(బి), 6 రూల్స్ వర్తింపజేశాం అని ఒక్క వాక్యం. ఏ భాగం అసలు గుణం అనుకున్నారు, ఎందుకు అనుకున్నారు అన్నది ఆ వాక్యంలో దొరకదు. మాలాంటివాళ్లకు కావాల్సింది సరిగ్గా అదే. మీ గదిలో గంటలకొద్దీ చర్చ జరిగి ఉంటుంది, దానిలో నాలుగు వాక్యాలు బయటికి ఇవ్వండి చాలు. ఎవరు ఎటు ఓటేశారన్నది మాకు అక్కర్లేదు.

అడ్వాన్స్ రూలింగ్, అంటే సరుకు రాకముందే కోడ్ ఏదో కస్టమ్స్ రాసిచ్చే నిర్ణయం తీసుకోవచ్చు కదా అంటారు. 2017లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం మూడో ఆర్టికల్ ప్రకారం సభ్య దేశాలు అవి ఇవ్వాలి, చాలా దేశాలు ఇస్తున్నాయి కూడా, మంచిదే. కానీ ఆ రూలింగ్ ఆ వస్తువుకే. అలంకరణ వస్తువుల వ్యాపారంలో డిజైన్ ఒక సీజన్ ఉంటుంది, తర్వాతి సీజన్‌కు గులాబీ పోయి సీతాకోకచిలుక వస్తుంది, చెక్క పీఠం పోయి పాలరాయి పీఠం వస్తుంది. వందల డిజైన్లలో ఒక్కోదానికీ శాంపిల్ పంపి, జవాబు కోసం చూస్తూ కూర్చుంటే సీజన్ వెళ్లిపోతుంది. పెద్ద కంపెనీలకు ఆ పని చూసే మనుషులుంటారు, రెండు పెట్టెల సరుకు తెప్పించుకునేవాళ్లకు నేనున్నాను, నాకు తెలిసింది ఇంతే.

మీ కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. అక్కడ ప్రశ్న పెట్టే హక్కు సభ్య దేశాలకే ఉంది, నాకు లేదు, అందుకే ఇలా బహిరంగంగా రాస్తున్నాను. ఇది చదువుతున్న ప్రతినిధుల్లో ఒక్కరు, మీ శాఖ తరఫున ఒక్క లేఖ రాసి ఈ విషయాన్ని అజెండాలో పెట్టించండి. ఆ గులాబీ వస్తువులు రెండు నా దగ్గర ఉన్నాయి, ఒకటి చెక్కు చెదరనిది, ఒకటి కాటా కోసం కోసింది. తూచిన కాగితం నకలూ ఉంది. అడిగితే మూడూ కలిపి నా ఖర్చుతోనే పంపిస్తాను.

ఇట్లు,
డిక్లరేషన్లు నింపే ఒక మనిషి